‘సర్వర్ డౌన్’ సమాధానం కాదు: ప్రభుత్వ యంత్రాల ఆరోగ్యానికి జవాబుదారీ కావాలి

సిలబస్‌లో ఎక్కడ: జీఎస్-3లో సైబర్ భద్రత, మౌలిక వసతులు. జీఎస్-2లో ఈ-గవర్నెన్స్, పారదర్శకత, జవాబుదారీతనం. గ్రూప్-1 మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌కూ ఉపయోగపడుతుంది.

రేషన్ షాపు, రిజిస్ట్రేషన్ ఆఫీసు, మీసేవ కేంద్రం, ఆన్‌లైన్ పరీక్ష కేంద్రం. ఈ నాలుగు చోట్లా మనందరం విన్న మాట ఒకటే: ‘సర్వర్ డౌన్, రేపు రండి.’ ఇంగ్లిషు ఒక్క ముక్క రానివారికి కూడా ఈ మాట అర్థం తెలుసు. వాన పడింది, కరెంటు పోయింది అన్నట్టుగా దీన్ని వాడతారు. చెప్పేవారికి తమ తప్పు అనిపించదు, వినేవారికి ఎవరిని అడగాలో తెలియదు.

ఈ వ్యాసంలో నా వాదన ఇది. సర్వర్ హార్డ్‌వేర్ చెడిపోవడం చాలా సందర్భాల్లో చెప్పకుండా వచ్చే పిడుగు కాదు. యంత్రం ముందే సంకేతాలిస్తుంది. ఆ సంకేతాలను నెట్‌వర్క్ ద్వారా ఎక్కడో కూర్చుని చూసే ఏర్పాటు ప్రతి మంచి సర్వర్‌లోనూ ఉంది. కాబట్టి హెచ్చరిక వచ్చాక కూడా యంత్రం ఆగిపోయి సేవ నిలిచిందంటే దాన్ని సాంకేతిక లోపం అనకూడదు, పరిపాలనా లోపం అనాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ పర్యవేక్షణ ఏర్పాటును జాగ్రత్తగా కట్టకపోతే అదే శత్రువుకు దొడ్డిదారి అవుతుంది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే విధానం ఎలా ఉండాలో తేలుతుంది.

1. సర్వర్ ఎలా జబ్బు పడుతుంది?

సాఫ్ట్‌వేర్ లోపాలను పక్కనపెడితే సర్వర్‌లో చెడిపోయేవి కొన్నే: ఫ్యాన్లు, పవర్ సప్లై, డిస్కులు, మెమరీ, బ్యాటరీలు. వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు వేడి. డేటా సెంటర్‌లో సర్వర్ లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని ఆష్రే అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం సిఫారసు చేస్తుంది. మే నెలలో మన జిల్లా కేంద్రాల్లో ఏసీ ఆగిపోయిన గదిని ఊహించుకుంటే ఈ అంకె విలువ అర్థమవుతుంది.

మంచి సర్వర్‌లో పవర్ సప్లైలు రెండుంటాయి. ఒకటి పోతే రెండోది భారం మోస్తుంది. డిస్కులనూ రెయిడ్ పద్ధతిలో కలిపి పెడతారు కనుక ఒక డిస్కు పోయినా సమాచారం పోదు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ రక్షణే మొదటి దెబ్బను కనబడకుండా దాచేస్తుంది. ఒక పవర్ సప్లై పోయినా సేవ ఆగదు కనుక ఎవరూ ఫోన్ చేయరు. కొన్ని నెలల తర్వాత రెండోదీ పోతుంది. అప్పుడు ‘హఠాత్తుగా’ సర్వర్ ఆగిపోయిందంటారు. నిజానికి అది సగం చచ్చి నెలలైంది. అందుకే అదనపు రక్షణ పెట్టుకున్నచోట పర్యవేక్షణ అవసరం తగ్గదు, పెరుగుతుంది.

అంకెలు చూద్దాం. గూగుల్ పరిశోధకులు 2007లో లక్షకు పైగా హార్డ్ డిస్కులను పరిశీలించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ లోపం కనిపించిన డిస్కు, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, లోపం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. ముందే హెచ్చరిక వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అదే పత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సంకేతాల్లో ఏ ఒక్కటీ చూపించలేదు. అంటే పర్యవేక్షణ ఉంటే చాలు, బ్యాకప్ అక్కర్లేదు అనుకోవడం ప్రమాదం. మెయిన్స్ జవాబులో ఈ రెండు ముక్కలూ కలిపి రాస్తే జవాబుకు సమతుల్యం వస్తుంది.

మెమరీ సంగతీ అంతే. గూగుల్ సర్వర్ల మీదే 2009లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం మెమరీ కార్డుల్లో ఏడాదికి 8 శాతానికి పైగా లోపాల బారిన పడ్డాయి. ఈసీసీ మెమరీ చిన్న లోపాలను తనే సరిచేసుకుంటుంది. సరిచేసిన ప్రతిసారీ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క పెరుగుతోందంటే కార్డు మార్చాలని అర్థం. లెక్క రాసి ఉంటుంది, చదివే మనిషి ఉన్నాడా అన్నదే ప్రశ్న.

యంత్రం ఆరోగ్యం అంటే వేడి, వోల్టేజీ మాత్రమే కాదు, అందులోని ఫర్మ్‌వేర్ వెర్షన్ కూడా. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ తన కొన్ని ఎస్ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక ఆగిపోతాయని, అందులోని సమాచారం తిరిగి రాదని చెప్పింది. 32,768 అంటే 2 పవర్ 15. గంటలు లెక్కించే అంకెకు కేటాయించిన చోటు నిండిపోతుందన్నమాట. కాలెండర్‌లో అది 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు బిగించిన డిస్కులన్నీ ఒకే రోజు పోతాయి కనుక రెయిడ్ రక్షణ కూడా పనిచేయదు. తన దగ్గర ఏ డిస్కులు ఉన్నాయో, ఏ ఫర్మ్‌వేర్ ఉందో జాబితా ఉన్న సంస్థ ఒక అప్‌డేట్‌తో బయటపడుతుంది. జాబితా లేని సంస్థకు ఆ రోజు వచ్చాకే తెలుస్తుంది.

2. దూరం నుంచి నాడి చూడటం

సర్వర్ మదర్‌బోర్డు మీద ఒక చిన్న అదనపు కంప్యూటర్ ఉంటుంది. దాని పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, పొట్టిగా బీఎంసీ. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉంటాయి, తరచుగా సొంత నెట్‌వర్క్ పోర్టు కూడా ఉంటుంది. ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, సర్వర్ ఆఫ్ చేసి ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, వోల్టేజీ, పవర్ సప్లై స్థితి ఎప్పటికప్పుడు చూసి సిస్టమ్ ఈవెంట్ లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. హెచ్‌పీఈలో ఐఎల్ఓ, డెల్‌లో ఐడ్రాక్, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అని వేర్వేరు పేర్లున్నా పని ఒకటే.

దీనితో మాట్లాడే భాషల్లో మొదటిది ఐపీఎంఐ. ఇంటెల్, హెచ్‌పీ, డెల్, ఎన్ఈసీ కంపెనీలు కలిసి 1998లో దీన్ని తెచ్చాయి. 2004లో 2.0 వెర్షన్ వచ్చింది. ఇది యూడీపీ పోర్టు 623 మీద నడుస్తుంది. రెండోది ఎస్ఎన్ఎంపీ. సర్వర్లే కాక స్విచ్‌లు, రూటర్లు, యూపీఎస్‌లు కూడా ఈ భాష మాట్లాడతాయి. ఏదైనా తేడా వస్తే అడగకుండానే ‘ట్రాప్’ అనే సందేశం పంపుతాయి. మూడోది రెడ్‌ఫిష్. డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ 2015లో విడుదల చేసింది. వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది కనుక సమాచారం గుప్తంగా వెళుతుంది.

ఈ సంకేతాలన్నిటినీ ఒకచోట చేర్చి తెర మీద చూపడానికి నాగియోస్, జాబిక్స్, ప్రొమిథియస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అంటే ప్రాథమిక స్థాయి పర్యవేక్షణకు పెద్ద బడ్జెట్ అడ్డంకి కాదు. యంత్రంతోపాటే సెన్సార్లకూ డబ్బు కట్టేశాం. వాటిని వాడుకోవడమే మిగిలింది.

3. సంకేతం ఉంటే చాలదు, వినేవారు ఉండాలి

ఇంజినీరింగ్ అయ్యాక నేను కొన్ని నెలలు పనిచేసిన ఒక చోట, ర్యాక్‌లో ఒక సర్వర్ ముందు నారింజ రంగు దీపం వారాల తరబడి వెలుగుతూనే ఉండేది. అడిగితే ‘అది ఎప్పుడూ అంతే’ అనేవారు. ఆ మాటలో ఒక పరిపాలనా సత్యం ఉంది. హెచ్చరిక రోజూ వస్తే అది హెచ్చరికగా మిగలదు. పరిమితులు సరిగా పెట్టకపోతే రోజుకు వందల మెయిళ్లు వస్తాయి, వాటిని ఎవరూ తెరవరు. కొన్నిసార్లు ఆ మెయిళ్లు బదిలీ అయిపోయిన ఉద్యోగి చిరునామాకే వెళుతుంటాయి.

ప్రపంచంలో రెండు ఘటనలు చూడండి. 2022 జులై 19న బ్రిటన్‌లో ఉష్ణోగ్రత మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. లండన్‌లోని గైస్ అండ్ సెయింట్ థామస్ ఆస్పత్రుల ట్రస్టుకు ఉన్న రెండు డేటా సెంటర్లూ అదే రోజు ఆగిపోయాయి. డాక్టర్లు మళ్లీ కాగితాలు పట్టుకున్నారు. పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టింది. ఒకటి చెడితే ఇంకొకటి ఉందన్న ధీమా, ఒకే ఊరిలో ఒకే ఎండ కింద రెండూ ఉన్నప్పుడు పనికిరాలేదు. అదే రోజు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ క్లౌడ్ సేవలకూ శీతలీకరణ సమస్య వచ్చింది.

రెండోది దక్షిణ కొరియా. 2025 సెప్టెంబరు 26న దేజియాన్ నగరంలోని జాతీయ సమాచార వనరుల సేవా కేంద్రంలో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలించే పనిలో మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఆ బ్యాటరీల వారంటీ కాలం పదేళ్లు అప్పటికే దాటిపోయింది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారానికి బయట బ్యాకప్ లేదు, అది కాలిపోయింది. డిజిటల్ పాలనలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం అది. బ్యాటరీ వయసు ఒక రిజిస్టర్‌లో ఉండే అంకె. ఆ అంకె దాటితే ఏం చేయాలో, ఎవరు చేయాలో రాసి ఉండాలి.

ఈ రెండు చోట్లా లోపం సెన్సార్లది కాదు. తెలిసిన విషయం మీద నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం.

4. కాపలాదారు చేతిలో తాళాల గుత్తి

ఇప్పుడు రెండో వైపు. బీఎంసీ కేవలం ఉష్ణోగ్రత చూసే థర్మామీటర్ కాదు. అది సర్వర్‌ను ఆపగలదు, మళ్లీ లేపగలదు, ఫర్మ్‌వేర్ మార్చగలదు, దూరం నుంచి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించగలదు. లోపల నడిచే యాంటీవైరస్‌కు దాని సంగతి కనబడదు. కాపలాదారు చేతికి ఇంటి తాళాలన్నీ ఇచ్చినట్టే. అతను లొంగిపోతే ఇల్లు పోయినట్టే.

ఐపీఎంఐ 2.0లో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. సరైన యూజర్ పేరు చెబితే చాలు, పాస్‌వర్డ్ అడిగే ముందే దాని హాష్‌ను అవతలి మనిషికి పంపుతుంది. అతను దాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా ఛేదించుకోవచ్చు. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు, ప్రమాణంలోనే రాసి ఉన్న పద్ధతి. అందుకే అప్‌డేట్‌తో పోదు. 2013లో డాన్ ఫార్మర్ అనే భద్రతా పరిశోధకుడు ఈ లోపాలను వివరంగా బయటపెట్టారు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్-సెర్ట్ హెచ్చరిక జారీ చేసింది.

తర్వాత కూడా ఇవి ఆగలేదు. 2017లో బయటపడిన ఒక లోపంతో హెచ్‌పీఈ ఐఎల్ఓ-4లోకి 29 సార్లు ‘ఎ’ అక్షరం పంపి పాస్‌వర్డ్ లేకుండా చొరబడగలిగేవారు. 2021 డిసెంబరులో ఇరాన్‌కు చెందిన అమ్న్‌పర్దాజ్ అనే భద్రతా సంస్థ ఐఎల్ఓలోనే దాక్కునే మాల్‌వేర్‌ను కనుగొన్నామని ప్రకటించింది. 2025 మార్చిలో, ఎన్నో కంపెనీల సర్వర్లలో వాడే ఏఎంఐ మెగారాక్ బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో తీవ్రత 10కి 10 ఉన్న లోపం వెల్లడైంది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సీసా సంస్థ, దాడుల్లో నిజంగా వాడుతున్న లోపాల జాబితాలో దాన్ని చేర్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి బీఎంసీ లోపం అదే. అంటే ఇది పుస్తకాల్లో ఉండే ప్రమాదం కాదు, జరుగుతున్నదే.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. బీఎంసీలను మామూలు ఆఫీసు నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరుచేసి ప్రత్యేక నెట్‌వర్క్‌లో పెట్టాలి. ఇంటర్నెట్‌కు అసలు కనబడకూడదు. మాన్యువల్‌లో అచ్చువేసిన పాస్‌వర్డ్ మార్చాలి. అక్కర్లేకపోతే ఐపీఎంఐ ఆపేసి రెడ్‌ఫిష్ వాడాలి. ఎస్ఎన్ఎంపీలో పాత వెర్షన్లు మాని వెర్షన్ 3 వాడాలి. అమెరికా ఎన్ఎస్ఏ, సీసా కలిసి 2023 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల సారమూ దాదాపు ఇదే.

మన దేశంలోనే ఒక గుర్తు ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగింది. అయిదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయ్యాయి. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం వల్ల చొరబాటు జరిగిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ దాడి బీఎంసీల ద్వారా జరిగిందని నేను అనడం లేదు. విభజన లేని నెట్‌వర్క్‌లో పర్యవేక్షణ పోర్టులు కూడా చేరితే నష్టం ఎంతవరకు పోతుందో ఊహించుకోమంటున్నాను.

5. మన చట్టం, మన లోటు

చట్టపరమైన చట్రం మనకు లేకపోలేదు. ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద కీలక సమాచార మౌలిక వసతులపై ప్రభావం చూపే వ్యవస్థను ప్రభుత్వం ‘రక్షిత వ్యవస్థ’గా ప్రకటించవచ్చు. అందులోకి అక్రమంగా చొరబడితే పదేళ్ల వరకు జైలు. 70-ఎ కింద కీలక సమాచార మౌలిక వసతుల రక్షణకు ఎన్‌సీఐఐపీసీ, 70-బి కింద సెర్ట్-ఇన్ పనిచేస్తున్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, అన్ని ఐసీటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలను నిర్దేశిత సమయ సర్వర్లతో కలపాలి.

బీఎంసీ కూడా ఐసీటీ వ్యవస్థే కదా? అక్షరార్థంగా చూస్తే అవును. కానీ ఆ మాట స్పష్టంగా రాసి లేకపోతే ఆచరణలో మర్చిపోతారు. బీఎంసీలోని ఈవెంట్ లాగ్‌కు చోటు పరిమితం. నిండితే పాతవి చెరిగిపోతాయి లేదా కొత్తవి నమోదు కావు. దాని గడియారం కూడా వేరు. సమయం కలపకపోతే ఫ్యాన్ ఆగింది ముందా, సేవ ఆగింది ముందా అన్నది ఎవరూ తేల్చలేరు. విచారణ మొదలయ్యేసరికి సాక్ష్యం ఉండదు.

అసలు లోటు నాకు ఇంకోచోట కనిపిస్తోంది. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో టెలికాం లింకుల సమస్య స్టోరేజీ వ్యవస్థను దెబ్బతీసి ట్రేడింగ్ నాలుగు గంటలు ఆగింది. నెల తిరిగేసరికి సెబీ నిబంధనలు బిగించింది: 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ఆ తర్వాత 45 నిమిషాల్లో సేవ మళ్లీ మొదలవ్వాలి. జులైలో జరిమానాల పద్ధతి కూడా తెచ్చింది. 2020 నవంబరులో డేటా సెంటర్‌లో కరెంటు పోయి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు సేవలు ఆగితే, డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకు కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా ఆపింది. 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు మీద చర్య తీసుకున్నప్పుడు ఆర్‌బీఐ చెప్పిన లోపాల్లో ఐటీ పరికరాల జాబితా నిర్వహణ ఒకటి.

మదుపరికీ బ్యాంకు ఖాతాదారుకూ నియంత్రణ సంస్థ ఉంది. ఆగిన ప్రతి గంటకూ సంజాయిషీ అడిగేవారున్నారు. వేలిముద్ర పడక బియ్యం తీసుకోకుండా వెనక్కి వెళ్లిన మనిషి తరఫున అలా అడిగేవారెవరు? జాతీయ ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్ ప్రకారం హక్కుగా రావలసిన సరుకు అందకపోతే రాష్ట్ర ప్రభుత్వం భత్యం ఇవ్వాలి. కూలి పోగొట్టుకుని ‘రేపు’ మళ్లీ వచ్చే మనిషికి ఆ సెక్షన్ తెలియదు. సర్వర్ ఎందుకు ఆగిందో చెప్పే కారణ నివేదిక సామాన్యుడి చేతికి చేరిన సందర్భం నేనైతే చూడలేదు. షేర్ల బజారులో నాలుగు గంటలకు ఉన్న విలువ రేషన్ షాపులో ఒక పూటకు లేకపోవడం సాంకేతిక సమస్య కాదు.

6. అభ్యంతరాలకు జవాబు

మొదటిది: ‘నిర్వహణ కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చాం, వాళ్లే చూసుకుంటారు.’ పని కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు, బాధ్యత ఇవ్వలేం. పైగా యంత్రం ఎంత చెడిందో చెప్పేదీ, బాగుచేసినందుకు బిల్లు పెట్టేదీ ఒకరే అయితే లెక్క సరిచూసేదెవరు? ఆరోగ్య సమాచారం నేరుగా ప్రభుత్వ తెర మీదకు కూడా రావాలి.

రెండోది: ‘అన్నీ క్లౌడ్‌కు మార్చేస్తే సరి.’ క్లౌడ్ వల్ల లాభాలున్నాయి, 2014లో మేఘరాజ్ మొదలైంది అందుకే. కానీ క్లౌడ్ అంటే కూడా ఎక్కడో ఉన్న ఇంకొకరి సర్వరే. లండన్ ఎండకు క్లౌడ్ కంపెనీలూ ఇబ్బంది పడ్డాయి. ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్లు, రాష్ట్రాల సొంత డేటా సెంటర్లు ఎలాగూ ప్రభుత్వ బాధ్యతే.

మూడోది: ‘లోపాలు బయటపెడితే శత్రువుకు ఉపయోగం.’ ఇందులో నిజం ఉంది. ఏ సర్వర్ ఏ మోడల్, ఏ ఫర్మ్‌వేర్ అని ప్రకటించమని ఎవరూ అడగరు. ఎన్ని గంటలు ఆగింది, కారణం ఏ తరగతికి చెందినది అని ఆలస్యంగా చెప్పడం వల్ల శత్రువుకు ఒరిగేదేమీ లేదు. సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ స్వచ్ఛంద ప్రకటన కోరుతుంది, 8వ సెక్షన్ భద్రతా మినహాయింపు ఇస్తుంది. రెండింటి మధ్య దారి ఉంది.

నాలుగోది: ‘ఆగిపోవడాలన్నీ హార్డ్‌వేర్ వల్ల కాదు.’ నిజమే. 2025 ఏప్రిల్ 12న యూపీఐ నెమ్మదించింది కొన్ని బ్యాంకులు లావాదేవీ స్థితి అడిగే అభ్యర్థనలు ఎక్కువగా పంపడం వల్లే. అందుకే కారణాన్ని తరగతులుగా విడగొట్టి చెప్పమంటున్నది. అన్నిటికీ ‘సర్వర్ డౌన్’ అనే ఒక్క ముద్ర వేస్తే దేనికీ మందు దొరకదు.

7. ఏం చేయాలి?

ఒకటి, జాబితా. ప్రతి ప్రభుత్వ సర్వర్‌కూ, యూపీఎస్ బ్యాటరీకీ వయసు, వారంటీ, ఫర్మ్‌వేర్ వివరాలతో పాటు బాధ్యత వహించే అధికారి హోదా రాసి ఉండాలి. బదిలీ అయితే అప్పగింతల కాగితంలో ఈ పద్దూ ఉండాలి.

రెండు, టెండర్ షరతులు. రెడ్‌ఫిష్ మద్దతు, సంతకం సరిచూసే ఫర్మ్‌వేర్, ఒక్కో యంత్రానికి ఒక్కో పాస్‌వర్డ్, యంత్రం బతికున్నంత కాలం భద్రతా అప్‌డేట్లు తప్పనిసరి చేయాలి. కాలిఫోర్నియాలో 2020 నుంచే అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్‌తో నెట్‌కు కలిసే పరికరాలు అమ్మడం కుదరదు. మన సెర్ట్-ఇన్ 2025 జులై మార్గదర్శకాల్లో హార్డ్‌వేర్ విడిభాగాల జాబితా ప్రస్తావన వచ్చింది. దాన్ని కొనుగోలు షరతుగా మార్చాలి.

మూడు, ప్రత్యేక నెట్‌వర్క్, కేంద్ర లాగ్‌లు. బీఎంసీ లాగ్‌లు 180 రోజుల నిబంధన కిందకు వస్తాయని స్పష్టంగా చెప్పాలి.

నాలుగు, స్వదేశీ సామర్థ్యం. సీ-డాక్ రూపొందించిన రుద్ర సర్వర్ ఉంది. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్లు దాని మీదే నడుస్తున్నాయి. లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఓపెన్‌బీఎంసీ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ ఉంది. కాపలాదారు లోపల ఏముందో మనమే చదవగలగడం సార్వభౌమత్వంలో భాగం. విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించిన తరుణంలో, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ నైపుణ్యం నేర్పడం ఉద్యోగాల కోణంలోనూ అవసరం.

అయిదు, ప్రకటన. నా దృష్టిలో ఇదే కీలకం. ప్రతి పౌర సేవకూ మూడు నెలలకోసారి నాలుగు అంకెలు ప్రకటించాలి: ఎన్ని గంటలు ఆగింది, కారణం ఏ తరగతి, మొదటి హెచ్చరిక ఏ రోజు వచ్చింది, చర్య ఏ రోజు తీసుకున్నారు. చివరి రెండు తేదీల మధ్య దూరమే పరిపాలన నాణ్యతకు కొలత. ఆ దూరం అడిగే అధికారం కాగ్ ఐటీ ఆడిట్‌కూ, శాసనసభ కమిటీలకూ ఉంది.

ఆరు, బ్యాకప్ విన్యాసం. సగానికి పైగా డిస్కులు ముఖ్య సంకేతాలు ఇవ్వకుండానే పోయాయని చూశాం. కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా ప్రధాన సర్వర్‌ను నిజంగా ఆపి, రెండో చోటు నుంచి సేవ నడిపి చూడాలి. రెండో చోటు వేరే ఊర్లో ఉండాలి.

ముగింపు

ఒకప్పుడు కలెక్టర్ తనిఖీకి వెళితే గోదాములో బస్తాలు లెక్కపెట్టేవారు, రికార్డు గదిలో చెదలు ఉన్నాయేమో చూసేవారు. ఇప్పుడు గోదామూ రికార్డు గదీ సర్వర్‌లోకి వెళ్లాయి, తనిఖీ మాత్రం ఇంకా అక్కడికి చేరలేదు. రేపు మనలో కొందరు ఆ కుర్చీల్లో కూర్చుంటారు. అప్పుడు సర్వర్ గదికి వెళ్లి అడగాల్సిన మొదటి ప్రశ్నకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు: ‘ఈ దీపం ఎన్నాళ్ల నుంచి వెలుగుతోంది, ఎవరికి చెప్పారు?’

సాధన ప్రశ్న: “డిజిటల్ పాలనలో సేవా అంతరాయం ప్రధానంగా సాంకేతిక సమస్య కాదు, జవాబుదారీ సమస్య.” ఇటీవలి ఉదాహరణలతో విశ్లేషించండి. 250 పదాలు, 15 మార్కులు.

సూచన: నిర్వచనంతో కాకుండా అంతరాయం వల్ల పౌరుడికి జరిగే నష్టంతో మొదలుపెట్టండి. దేజియాన్, ఎయిమ్స్, ఎన్ఎస్ఈ మూడూ ఒక్కో వాక్యంలో చాలు. ఐటీ చట్టం 70, 70-ఎ, 70-బి సెక్షన్లు, 2022 సెర్ట్-ఇన్ ఆదేశాలు తప్పక రాయండి. మీ జవాబులు కింద పెట్టండి, చదివి అభిప్రాయం చెబుతాను.